మామ్మ పెట్టెలో రంగూన్ ఫోటోలు: అందులోని ఆడవాళ్లు ఎవరో తెలుసుకునేదెలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ మామ్మగారి ట్రంకుపెట్టెలో 40 దాకా పాత ఫోటోలు దొరికాయి. బర్మాలోని రంగూన్‌లో తీయించుకున్నవని ఇంట్లో అంటారు. ఎక్కువ వాటిలో ఆడవాళ్లే ఉన్నారు, కానీ వెనక రాసి ఉన్న ఒకటీ అరా పేర్లు మాత్రం మగవాళ్లవి. కొన్ని అద్దానికి అతుక్కుపోయాయి, కొన్నింటికి బూజు పట్టింది. ముందు శుభ్రం చెయ్యాలా, స్కాన్ చేయించాలా, ఆ ఆడవాళ్లెవరో కనుక్కునే దారి ఉందా?

సూటిగా చెప్తాను. ఇప్పుడే శుభ్రం చెయ్యకండి. మంచి స్కాన్ కూడా తర్వాతి పనే. మొదటి పని పేర్లు. ఇవాళే ఫోన్‌తో అన్నింటికీ ముందూ వెనకా ఫోటో తీసి, ఒక్కోదాన్నీ ఏ4 కాగితం నిండా ప్రింట్ వేయించి, మీ వైపు బతికి ఉన్న పెద్దవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఆ ఫోటో కాగితం ఇంకో ఇరవై ఏళ్లు ఉంటుంది. పేరు చెప్పగల మనిషి అప్పటికి ఉండకపోవచ్చు.

పెద్దవాళ్ల మీదే ఎందుకు ఆధారపడాలంటే, బర్మా వెళ్లిన మనవాళ్లకు ఒక్కొక్క మనిషి పేరిట కాగితం దాదాపు లేదు. మారిషస్, దక్షిణాఫ్రికాలోని నాటాల్ సంగతి వేరు. నాటాల్‌కు 1860 నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా వెళ్లిన లక్షా యాభై రెండు వేల మందిలో ప్రతి ఆడమనిషికీ సొంత నంబరు ఉంది. ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు ఉంటాయి. మారిషస్‌లో 1860ల నుంచి వలస టికెట్ కోసం ఫోటోలే తీశారు. అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రికార్డులు ఇప్పటికీ ఉన్నాయి, వాటిలో ఆడవాళ్ల ముఖాలూ ఉన్నాయి. అక్కడ నంబరు దొరికితే మనిషి దొరికినట్టే. బర్మాకు మాత్రం కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి మేస్త్రీల (కూలీలను కుదిర్చి తీసుకెళ్లేవాళ్ల) వెంట టికెట్ కొనుక్కుని ఓడెక్కారు. ఎక్కువమంది మగవాళ్లు. వెంట వెళ్లిన భార్య గానీ, తర్వాత వెళ్లి చేరిన చెల్లెలు గానీ ఏ రిజిస్టరులో వెతికినా దాదాపు దొరకదు. ఆమె ఉన్నట్టు సాక్ష్యం చాలాసార్లు ఆ ఫోటో ఒక్కటే. అందుకే ఆ వెనక "ఫలానా వారి భార్య" అని రాసి వదిలేస్తే నాకు మనసొప్పదు.

పెద్దవాళ్లను అడిగే పద్ధతి

ఫోన్‌లో చూపించకండి. శుక్లాలున్న కళ్లకు ఆ చిన్న తెర మీద ఏమీ ఆనదు, వేలు తగిలి బొమ్మ జరిగిపోతుంది. ఏ4 ప్రింటు, పగటి వెలుగు, ఒకసారికి ఒకే ఫోటో. ముప్పావు గంట దాటించకండి.

"ఈవిడ సూరమ్మగారేనా?" అని అడిగితే "అవునవును" అనేస్తారు. "ఇది ఎక్కడ తీసి ఉంటారు?", "ఆ కుర్చీ ఎవరింట్లోది?", "ఆ కంటె ఎవరు పెట్టుకునేవారు?" అని మొదలుపెట్టండి. మనిషి గుర్తు రాకపోయినా నగ గుర్తొస్తుంది, నగ వెనకే మనిషి వస్తుంది. ఆడవాళ్ల సంగతులు ఆడవాళ్లే చెప్పాలి. వీలైతే మగవాళ్లు లేనప్పుడు కూర్చోండి. ఇద్దరు పెద్దవాళ్లుంటే విడివిడిగా అడగండి, ఒకరు చెప్పింది రెండోవారికి చెప్పకండి. వారం తర్వాత మళ్లీ వెళ్లండి. మొదటిసారి రాని పేరు రెండోసారి వస్తుంది, ఈలోపు వాళ్ల మనసులో అదే తిరుగుతూ ఉంటుంది కాబట్టి. వాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో మాట రికార్డు చేసుకోండి.

మన వరసలే మనల్ని ముంచేది ఇక్కడ. "అత్త" అంటే మేనత్త కావచ్చు, మేనమామ భార్య కావచ్చు, మొగుడి తల్లి కావచ్చు. "పిన్ని" అమ్మ చెల్లెలూ అవుతుంది, చిన్నాన్న భార్యా అవుతుంది. కాబట్టి ఎవరు చెబుతున్నారో, వాళ్లకి ఏమవుతుందో రాయకపోతే ఆ మాట ముప్పై ఏళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు. "పిన్ని" అని వదిలేయకుండా "మా నాన్న రెండో తమ్ముడి భార్య" దాకా రప్పించండి.

పేర్లదీ అదే తిప్పలు. నానమ్మ పేరు మనవరాలికి పెడతారు గనుక ఒకే ఇంట్లో మూడు తరాల్లో ఇద్దరు అప్పలనర్సమ్మలు ఉంటారు. అత్తవారింట్లో అదే పేరున్న ఆడబిడ్డ ఉంటే కోడలి పేరు మార్చేస్తారు. ఇంటిపేరు ఎలాగూ పెళ్లితో మారుతుంది. అందుకని ప్రతి స్త్రీకీ నాలుగు రాయాలి: పెట్టిన పేరు, పిలిచే పేరు, పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు. పుట్టిన ఊరు కూడా దొరికితే మరీ మంచిది. మన వంశవృక్షాల్లో ముందు జారిపోయేది పుట్టింటి పేరే.

రాసుకునే తీరు ఇలా ఉంటే చాలు:

0014. ముగ్గురు స్త్రీలు, ఒక పిల్ల. స్టూడియో. చూసేవారి ఎడమ నుంచి: 1. సూరమ్మ, పిలుపు "చిన్నమ్మి", పుట్టింటివారు ఫలానా, అత్తింటివారు ఫలానా: ఖాయం. 2. ఆమె తోడికోడలు: బహుశా. 3. తెలియదు. పిల్ల: సూరమ్మ పెద్దకూతురు: బహుశా. చెప్పినవారు ఎవరు, సూరమ్మ వారికి ఏమవుతుంది, ఏ తేదీన చెప్పారు.

"ఎడమ" అన్నప్పుడు ఎవరి ఎడమ అన్నది తప్పక రాయండి. ఖాయం, బహుశా, తెలియదు అన్న మూడు మాటలూ అలాగే వాడండి. తెలియదు అని రాసి ఉంటే ఎవరో ఒకరు రేపు పూరిస్తారు. ఊహించి రాసిన పేరును ఎవరూ దిద్దరు.

ఇంకొకటి. కొన్ని ఫోటోల దగ్గర పెద్దవాళ్లు మౌనం పాటిస్తారు. రంగూన్‌లో బర్మా స్త్రీని చేసుకున్న మగవాళ్లు ఉన్నారు, ఇక్కడ ఊళ్లో మొదటి భార్యా ఉండేది. బలవంతం చెయ్యకండి. కానీ ఆమెను "పనిమనిషి" అనో "పక్కింటావిడ" అనో రాసుకోకండి. "పేరు చెప్పలేదు" అని రాయండి. అలాగే, లుంగీ, బర్మా రవిక వేసుకున్నంత మాత్రాన బర్మా మనిషి అనీ చెప్పలేం. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు ఆడపిల్లలు అవే కట్టేవారు.

ఫోటో చూసి ఊహించేటప్పుడు తప్పులు జరిగే చోట్లు

అన్నిటికన్నా పెద్ద పొరపాటు రంగుల దగ్గర. 1930ల దాకా, చిన్న స్టూడియోల్లో ఆ తర్వాత కూడా, వాడిన ఫిల్ముకీ గాజు ప్లేటుకీ ఎరుపు రంగు తెలియదు, నీలం అతిగా తెలుసు. ఎర్రచీర దాదాపు నల్లగా పడుతుంది. లేత నీలం చీర తెల్లగా వస్తుంది. కుంకుమబొట్టు నల్లచుక్క అవుతుంది. పసుపు రాసుకున్న ముఖం ఉన్నదానికన్నా నల్లగా, బంగారం మసకగా కనిపిస్తాయి. తెల్లచీర కనబడింది కాబట్టి భర్త పోయినావిడ అని రాయకండి. మెడలో సూత్రాలు రవిక లోపల ఉంటాయి, కనబడవు. కాలి మెట్టెలు కొంత నమ్మదగిన గుర్తు. పాదాలు ఫోటోలో ఉంటే 10 రెట్ల భూతద్దంతో రెండో వేలు చూడండి.

రెండోది, తిరగబడిన ఫోటో. నెగెటివ్‌ను తలకిందులుగా కాదు, వెనకవైపు తిప్పి ప్రింటు వేస్తే కుడి ఎడమ అవుతుంది. పైట కుడి భుజం మీద ఉందని చూసి వెంటనే ఫలానా కులపు కట్టు అనుకుంటారు. ముందు పక్కనున్న మగవాడి చొక్కా బొత్తాలు చూడండి: మగవాళ్ల చొక్కాలో ఎడమ పట్టీ పైకి వస్తుంది. గోడ మీద అక్షరాలుంటే ఇంకా తేలిక. అవి సరిగా ఉంటేనే పైట గురించి మాట్లాడండి.

మూడోది, జంట ఫోటో. భర్త రంగూన్‌లో, భార్య పల్లెలో ఉన్న ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. రెండు వేరువేరు ఫోటోల నుంచి ముఖాలు తీసి, స్టూడియోవాళ్లు ఒకే కార్డు మీద పక్కపక్కన కూర్చోబెట్టి, అంచులు బ్రష్‌తో దిద్దేవారు. ఒకరు పోయాక కూడా ఇలా చేయించేవారు. ఇద్దరి ముఖాల మీద వెలుగు ఏ పక్క నుంచి పడిందో చూడండి. ఒకరికి ఎడమ నుంచి, ఒకరికి కుడి నుంచి పడితే, లేదా ఒక ముఖం పదునుగా ఉండి రెండోది మెత్తగా ఉంటే, వాళ్లు ఆ రోజు పక్కపక్కన కూర్చోలేదు. అలాంటి దాన్ని చూసి "అవ్వ కూడా రంగూన్ వెళ్లింది" అని రాసేస్తే కుటుంబ చరిత్రే మారిపోతుంది.

నాలుగోది, పెట్టెలో ఉన్నవన్నీ మీవాళ్లవి కాకపోవచ్చు. రంగూన్‌లో క్లియర్, అహుజా లాంటి స్టూడియోలు జనాన్ని "రకాలు"గా చూపించే పిక్చర్ పోస్టుకార్డులు అమ్మేవి. వాటి కింద మనిషి పేరు ఉండదు, జాతి పేరో పని పేరో ఉంటుంది. భూతద్దంలో చూస్తే ముఖంలో చుక్కల వలో పగిలిన గింజలాంటి గరుకో కనిపిస్తే అది ప్రెస్సులో అచ్చు వేసింది, కొనుక్కున్నది. అలాంటివేవీ లేకుండా నునుపుగా నీడలు కలిసిపోతే అది అసలైన ఫోటో ప్రింటు. అచ్చు కార్డును విడిగా పెట్టండి, పారేయకండి. దాని మీది మాట "కూలీ ఆడది" లాంటిదైతే అది కొటేషన్లలోనే రాసుకోండి, మీ వివరణ మీ మాటల్లో పక్కన రాయండి.

కాలం పట్టుకునే గుర్తులు

వెనక చూడండి. ముఖం కన్నా వెనకే ఎక్కువ చెబుతుంది.

తపాలాలో వచ్చిన పోస్టుకార్డు ఫోటో అయితే స్టాంపు చూడండి. బర్మా 1937 ఏప్రిల్ 1న ఇండియా నుంచి విడిపోయింది. మామూలు ఇండియా స్టాంపు అంటించి రంగూన్ ముద్ర ఉంటే అంతకు ముందుది. ఇండియా స్టాంపు మీదే "బర్మా" అని అదనంగా అచ్చు ఉంటే ఆ తేదీ తర్వాతది. 1938 నుంచి బర్మా సొంత స్టాంపులు వచ్చాయి. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1942లో లక్షలమంది అరకాన్ దారినో, టాము అనే సరిహద్దు ఊరి మీదుగా ఇంఫాల్ దారినో నడిచి వచ్చారు. జపాన్‌వాళ్లు ఉన్న 1942–45 మధ్య అక్కడి నుంచి ఇక్కడికి ఫోటో తపాలాలో వచ్చే వీలే లేదు. నడిచి వచ్చినవాళ్లు మోయగలిగినదే తెచ్చుకున్నారు కాబట్టి, అట్టకు అంటించిన పెద్ద ఫోటోలు మీ పెట్టెలో చాలా ఉంటే అవి యుద్ధానికి ముందే ఇంటికి పంపినవో, ఆ తర్వాత వచ్చినవో అయ్యే అవకాశం ఎక్కువ.

స్టూడియో ముద్రలో వీధి పేరుంటే అదీ పనికొస్తుంది. డల్‌హౌసీ వీధి స్వాతంత్ర్యం తర్వాత మహాబందూలా అయింది, ఫ్రేజర్ వీధి అనవ్రత అయింది, మొగల్ వీధి ష్వేబొంతా అయింది. కొత్త పేరుంటే 1948 తర్వాతదే. పాత పేరుంటే మాత్రం ముందుదని ఖాయం చెయ్యలేం, పాత ముద్రలు ఏళ్ల తరబడి వాడేవారు.

1964లో దుకాణాలు జాతీయం చేసి, 50, 100 చాట్ల (బర్మా డబ్బు) నోట్లు రద్దు చేశాక తిరిగి వచ్చిన కుటుంబాలవైతే తల్లీపిల్లలు కలిసి ఉన్న చిన్న సైజు ఫోటోలు సర్కారు కాగితాలకు అంటించి ఉండవచ్చు. విశాఖలో బర్మా క్యాంపు వైపు స్థిరపడిన ఇళ్లలో అలాంటివి ఉండే అవకాశం ఎక్కువ. ఫోటోను కాగితం నుంచి ఊడదీయకండి. ఆమె పేరు, వయసు ఒక సర్కారు కాగితంలో ఆమె ముఖం పక్కన ఉన్న చోటు బహుశా అదొక్కటే.

స్టూడియో తెరను కూడా పోల్చండి. ఒకే తెర, ఒకే చెక్కుడు కుర్చీ చెయ్యి, ఒకే ముడత రెండు ఫోటోల్లో ఉంటే అవి ఒకే స్టూడియోవి, చాలాసార్లు ఒకే రోజువి. ఒకదాంట్లో పేరు దొరికితే రెండోదానికీ దారి దొరుకుతుంది. నగలను మాత్రం అంత నమ్మకండి, ఫోటో కోసం తోడికోడలి కాసులపేరు అడిగి పెట్టుకోవడం మామూలే.

ఇక చేతిపని

అద్దానికి అతుక్కున్నవి లాగకండి, నానబెట్టకండి. తేమకు ఫోటో మీది జెలటిన్ పొర ఉబ్బి అద్దానికి పట్టేస్తుంది. లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. ఫ్రేము వెనక మేకులు మాత్రం తీసి, అద్దంతో సహా స్కాన్ చెయ్యండి. అద్దాన్ని బయటివైపు మాత్రం పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. కానీ ఆ అద్దం మీద కుంకుమబొట్టు ఉంటే ముందు అలాగే ఒక ఫోటో తీయండి. పోయినవాళ్ల పటానికే మనం బొట్టు పెడతాం. ఆ బొట్టు ఉందంటే ఆమె పోయాక ఆ పటం గోడకెక్కి పూజందుకుందని తెలుస్తుంది. అద్దం లేకుండా నేరుగా ఫోటో మీదే బొట్టు పడితే దాన్ని ముట్టుకోకండి, తడిగుడ్డ పెడితే ఎరుపు ముఖమంతా పాకుతుంది.

బూజు పట్టినవి ఎండలో పెట్టకండి. ఫ్యాను కింద, నీడలో, విడివిడిగా మూడు నాలుగు రోజులు పరిస్తే బూజు ఎండి పొడి అవుతుంది. అప్పుడు మాస్కు పెట్టుకుని, ఇంటి బయట, మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో మధ్య నుంచి అంచుకు ఒకే దిక్కుగా దులపండి. ఇంకా తేమగా ఉన్నప్పుడు తుడిస్తే అది పొరలోకి దిగుతుంది. నల్లటి భాగాల్లో నీలిగా వెండిలా మెరుస్తుంటే అది మురికి కాదు, ఫోటో పొరలోని వెండే పైకి తేలింది, రుద్దకండి.

పేజీకి జిగురుండి పైన ప్లాస్టిక్ కాగితం కప్పే ఆల్బమ్ ఉంటే, ముందు పేజీ మొత్తాన్ని ఫోటో తీసి, పళ్ల సందులు తోమే సన్నదారాన్ని ఫోటో వెనక నుంచి రంపంలా మెల్లగా లాగండి. కదలకపోతే వదిలేయండి. నల్లకాగితపు పాత ఆల్బమ్‌ను మాత్రం విప్పకండి. ఎవరి పక్కన ఎవరిని అంటించారన్నదే ఒక సాక్ష్యం.

స్కాన్: ఫ్లాట్‌బెడ్ (అద్దం మీద ఫోటో బోర్లించే స్కానర్) మీదే, కాగితాన్ని లోపలికి లాక్కునే యంత్రంలో వద్దు. పోస్టుకార్డు సైజుకు 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), పాస్‌పోర్టు సైజుకు 1200, నెగెటివ్‌కు 2400కు తగ్గకుండా. నలుపు తెలుపైనా కలర్‌లోనే, టిఫ్ (TIFF) ఫైలుగా సేవ్ చెయ్యండి. మరకల రంగు, పసుపు తిరిగిన తీరు కలర్‌లోనే తెలుస్తాయి. పదును పెంచడం, దుమ్ము తీయడం లాంటి ఆటోమేటిక్ సదుపాయాలు ఆపండి, అవి చిన్న ముక్కుపుడకను దుమ్మనుకుని చెరిపేస్తాయి. పోస్టుకార్డు సైజు ఒక పక్క 21 ఎంబీ దాకా వస్తుంది. 40 ఫోటోలు రెండు పక్కలా కలిపి 2 జీబీ లోపే. పేరు 0014-1 ముందు, 0014-2 వెనక, అంతే. వాట్సాప్‌లో బంధువులకు పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే వివరాలు నలిగిపోతాయి. ముఖాలకు రంగులద్ది స్పష్టం చేసే యాప్‌లు వాడాలనిపిస్తే వేరే కాపీ మీద వాడి, ఫైలు పేరులోనే ఆ సంగతి రాయండి. అవి లేని కళ్లూ పెదాలూ కల్పించి అతికిస్తాయి. ఆమె మనవరాలు రేపు ఆ కల్పించిన ముఖాన్నే అవ్వ అనుకుంటుంది.

వెనక రాయడానికి 2బీ పెన్సిల్, అంచున, నొక్కకుండా, గట్టి బల్ల మీద. బాల్ పెన్ను గీత ముందువైపు ముఖం మీద తేలుతుంది. 1970ల నుంచి వచ్చిన ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిల్ పడదు, కవరు మీద రాసి తర్వాత ఫోటో లోపల పెట్టండి.

దాచడానికి యాసిడ్ లేని కాగితపు కవర్లు, లేదా పాలిప్రొపిలీన్, మైలార్ అనే ప్లాస్టిక్ కవర్లు. కొత్త వాసన ఘాటుగా వచ్చే మెత్తటి పీవీసీ వద్దు, లామినేషన్ అసలే వద్దు. కలరా ఉండలు, వేపాకు ఫోటోల మధ్య వెయ్యకండి. అటక మీదా, బయటి గోడకు ఆనించిన బీరువాలోనూ కాకుండా ఇంటి మధ్య గదిలో పెట్టండి. మన తీరంలో వానాకాలం గాలి తేమ 80 శాతం పైకి పోతుంది, ఫోటోలకు 50 లోపు కావాలి. రబ్బరు మూత డబ్బాలో సిలికా జెల్ సంచులు, చిన్న తేమ మీటరు ఒకటి పెట్టి, 30 కన్నా దిగకుండా చూడండి. మరీ ఎండితే పాత ప్రింట్లు చుట్టుకుపోతాయి. నెగెటివ్‌లకు వెనిగర్ వాసన వస్తుంటే వెంటనే విడిగా తీయండి, అది పక్కవాటికి పాకుతుంది. 1950కి ముందు నెగెటివ్‌లు జిగురుగా, గోధుమ రంగులోకి తిరిగి ఉంటే అవి నైట్రేట్ ఫిల్ము కావచ్చు, త్వరగా అంటుకునే సరుకు. దేవుడి గదిలో, వంటింట్లో ఉంచకండి.

ఆన్‌లైన్‌లో పెట్టే ముందు ఆ స్త్రీ పుట్టింటివారినీ ఒక మాట అడగండి. అసలైనవి ఎవరికీ ఇవ్వకుండా, అడిగిన సంస్థకు స్కాన్, పేర్ల పట్టిక కలిపి ఇవ్వండి. పట్టిక లేకుండా స్కాన్ ఒక్కటే ఇస్తే అక్కడ కూడా ఆమె "గుర్తు తెలియని స్త్రీ"యే అవుతుంది.

మరో మాట. ఆ ట్రంకుపెట్టెను ఖాళీ చేశాం కదా అని తోమి పెట్టేయకండి. అడుగున పరిచిన పాత పేపరు మీద తేదీ చూడండి, మూత లోపల ఓడ లేబులు ముక్క ఏదైనా అంటుకుని ఉందేమో చూడండి. వాటినీ ఫోటో తీసి 0041, 0042 నంబర్లు వేసి పట్టికలో చేర్చండి.